ఏ చుక్కయినా ఒకటే

రీళ్ల కాలంలో ఒకే ప్రింటుతో రెండు హాళ్లలో బొమ్మ ఆడించేవారు. ఇక్కడ ఆడిన రీలును ఒకడు సైకిలు మీద అక్కడికి చేరవేసేవాడు. ఐదో రీలు దారిలో ఆగితే, ఆరోది చేతిలో ఉన్నా లాభం లేదు. హాలంతా ఈలలే.

ఇప్పుడు బొమ్మంటే ఫైలు. శ్రీనగర్ కాలనీలోని సినిమా ఆఫీసు నుంచి వందల హాళ్లకు శాటిలైట్ మీద పంపాలనుకోండి. వాన పడితే ఫైలు ముక్కలు కొన్ని పోతాయి, అవీ ఒక్కో ఊళ్లో ఒక్కోటి. అందరూ తమకు రానిదే మళ్లీ పంపమంటే మార్నింగ్ షో దాటిపోతుంది.

1998లో బైయర్స్, లూబీ, మిట్జెన్‌మాకర్, రేగే దీనికొక ఉపాయం చెప్పారు. ఫౌంటెన్ కింద బిందె పెట్టినవాడు ఏ చుక్క పడిందని చూడడు, నిండిందా లేదా అనే చూస్తాడు. అలాగే ముక్కల్ని కలిపి సమీకరణాలుగా పంపుతూ పోవాలి. తెలియనివి వెయ్యి ఉంటే ఇంచుమించు అన్నే సమీకరణాలు చాలు, ఏవైనా సరే.

చిక్కు విప్పడంలో ఉంది. ముక్కల్ని ఇష్టం వచ్చినట్టు కలిపితే, అవి పదింతలైనప్పుడు లెక్క వెయ్యింతలవుతుంది. లూబీ 2002లో ప్రచురించిన ఎల్‌టీ కోడ్‌లో చాలా మిశ్రమాల్లో రెండు మూడు ముక్కలే ఉంటాయి. ఒంటరి ముక్క ఒకటి దొరికితే దాంతో పక్కది, దాంతో ఇంకోటి తేలతాయి. ముందే కొన్ని అదనపు ముక్కలు చేర్చి, ముక్కలు ఎన్నింతలైతే లెక్కా అన్నింతలే అయ్యేలా చేసింది షొక్రొల్లాహి రాప్టర్ కోడ్. 2011లో ప్రమాణమైన రాప్టర్‌క్యూలో వెయ్యి ముక్కల ఫైలుకు ఏవైనా 1002 అందితే, విప్పలేకపోయే అవకాశం పది లక్షల్లో ఒకటి.

ఇక్కడ కలిపేది పంపేవాడొక్కడే. 2000లో ఆల్స్వేడే, కై, లీ, యంగ్ చూపిన నెట్‌వర్క్ కోడింగ్‌లో దారిలోని మజిలీలూ కలుపుతాయి. దారి సామర్థ్యం పూర్తిగా వాడుకోవచ్చు, కానీ ప్రతి మజిలీకీ లెక్కల పని పడుతుంది.

మిగిలింది ఆలస్యం. బిందె నిండేదాకా తాగలేం. రాత్రంతా టైముంటే పెద్ద బిందె పెట్టొచ్చు. లైవ్ మ్యాచ్‌కు గ్లాసు కావాలి. కానీ ఒక్క వాన జల్లుకు గ్లాసు మొత్తం పోవచ్చు కాబట్టి అదనపు ముక్కలు ఎక్కువ పంపాలి. ఆలస్యం, లెక్కల శ్రమ, అదనపు ముక్కలు: మూడింటినీ ఒకేసారి తగ్గించే కోడ్ ఇంకా రాలేదు.