ర్యామ్ వేగం వెనుక లెక్క
ర్యామ్‌లో ఒక్కో బిట్టూ ఒక ట్రాన్సిస్టర్, ఒక కెపాసిటర్ జంటగా ఉన్న గడిలో నిలుస్తుంది. కెపాసిటర్‌లో విద్యుదావేశం ఉంటే ఒకటి, లేకుంటే సున్నా. ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెనార్డ్‌కు 1966లో తట్టిన ఆలోచన ఇది. 1968లో పేటెంటు దక్కింది. 1970లో ఇంటెల్ అమ్మకానికి తెచ్చిన 1103 చిప్‌లో పట్టినవి 1024 బిట్లే. అందులో బిట్టుకు ఇంకా మూడు ట్రాన్సిస్టర్లు ఉండేవి. ఒక్క ట్రాన్సిస్టర్ పద్ధతి ఆ తర్వాతి చిప్‌లతో స్థిరపడింది.

ఈ అమరికకు పుట్టుకతో వచ్చిన లోపం ఒకటుంది. కెపాసిటర్‌లోని ఆవేశం కారిపోతూనే ఉంటుంది కాబట్టి ప్రతి గడినీ 64 మిల్లీసెకన్ల లోపు మళ్లీ నింపాలి. వేడెక్కేకొద్దీ ఆవేశం ఇంకా త్వరగా కారుతుంది. చిప్ 85 డిగ్రీలు దాటితే రెట్టింపు తరచుగా నింపాల్సి వస్తుంది. నింపుతున్న సమయంలో అక్కడి డేటా అందదు. మస్కట్ శివార్లలోని అల్ మవాలేలో మే, జూన్ నెలల్లో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంటుంది. రామగుండం వేసవీ అలాంటిదే. అలాంటి ఊళ్లలో రంగుల లైట్ల ర్యామ్ కంటే క్యాబినెట్‌లో గాలి బాగా ఆడే ఏర్పాటుకు డబ్బు పెట్టడం మేలు.

కొనేవారి కళ్లు ముందుగా పడేది వేగం అంకె మీద. నాలుగో తరం ర్యామ్ అయిన డీడీఆర్4లో డీడీఆర్4-3200 అంటే సెకనుకు 320 కోట్ల బదిలీలు. ఒక్కో బదిలీలో 64 బిట్లు చొప్పున సెకనుకు 25.6 గిగాబైట్లు. కానీ అడిగిన డేటా బయటికి రావడం మొదలయ్యేందుకు ఎంతసేపు పడుతుందో ఈ అంకె చెప్పదు. అది లేటెన్సీ. పెట్టె మీద సీఎల్ పక్కన ఉండే అంకె క్లాకుల లెక్క. దాన్ని 2000తో గుణించి వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. డీడీఆర్4-3200 సీఎల్16కు 10, డీడీఆర్5-6000 సీఎల్30కీ 10, అదే వేగంలో సీఎల్36కు 12. పాత డీడీఆర్-400 సీఎల్3కు 15. అంటే బదిలీల వేగం 15 రెట్లు పెరిగినా నిరీక్షణ తగ్గింది మూడో వంతే. గడుల వరుసను తెరిచి, అందులోని సూక్ష్మ ఆవేశాన్ని పసిగట్టే పని పెద్దగా వేగపడలేదు. ఒక్కసారికి ఎక్కువ బిట్లను తోడడం వల్లే వేగం ఇంతగా పెరిగింది. అందుకే సీఎల్ అంకె చూసి డీడీఆర్5 నెమ్మది అనుకోవడం పొరపాటు.

ఈ లెక్కలన్నిటికంటే ముందు మదర్‌బోర్డు చూడాలి. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే; గాటు ఉన్న చోటు మాత్రం వేరు, ఒకటి మరోదాని స్లాట్‌లో దిగదు. ఏఎండీ ఏఎం5 బోర్డులు డీడీఆర్5నే తీసుకుంటాయి. ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లకైతే రెండు రకాల బోర్డులూ ఉన్నాయి, కాబట్టి ప్రాసెసర్ పేరు తెలిస్తే సరిపోదు. బోర్డు తయారీదారు పరీక్షించి ప్రకటించే జాబితాలో ఆ ర్యామ్ మోడల్ ఉంటే నిశ్చింత.

బిగించాక బయోస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే వేగపు ప్రొఫైల్‌ను ఆన్ చేయకపోతే, పెట్టె మీద రాసిన వేగం చాలాసార్లు రాదు. నాలుగు స్లాట్ల బోర్డులో రెండే బిగిస్తే, సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. అప్పుడే ప్రాసెసర్‌కూ ర్యామ్‌కూ మధ్య ఉన్న రెండు చానళ్లూ పనిచేస్తాయి. వేర్వేరు వేగాల ర్యామ్‌లు కలిపితే అన్నీ నెమ్మదైనదాని వేగంతోనే నడుస్తాయి. డీడీఆర్5లో నాలుగు స్లాట్లూ నింపితే బోర్డు తరచూ వేగం తగ్గిస్తుంది. 32 జీబీ కావాలంటే 8 జీబీవి నాలుగు కంటే 16 జీబీవి రెండు కొనడమే మంచిది.