వ్యాపార ప్రచార వీడియోలకు రిజల్యూషన్ ఎంపిక

ఒక వ్యాపార సంస్థ తన సరుకును గాని, సేవను గాని పరిచయం చేయడానికి తయారుచేయించే వీడియోలో ఒక్కొక్క చిత్రం ఎన్ని పిక్సెళ్ళతో ఏర్పడవలెనో ముందుగా నిర్ణయించుకోవడాన్ని రిజల్యూషన్ ఎంపిక అంటారు. పిక్సెల్ అనగా తెరమీది చిత్రంలో విడదీయడానికి వీలులేని అతి చిన్న చుక్క. చుక్కలు ఎక్కువైనకొద్దీ వీడియో మంచిదవుతుందన్న అభిప్రాయం విస్తారంగా ఉన్నది గాని అది సగం మాత్రమే నిజం. వీడియోను ఎవరు, ఏ తెరమీద, ఎంత దూరం నుండి చూస్తారు, అందులో వారు తప్పనిసరిగా గుర్తించవలసినది ఏమిటి అనే విషయాలను బట్టి ఈ ఎంపిక జరగవలెను.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు గుంటూరు జిల్లాలో మండల కేంద్రమైన ప్రత్తిపాడు, దాని చుట్టుపట్ల గల నల్లరేగడి నేలల వ్యాపారాల నుండి తీసుకొనబడినవి. (కాకినాడ జిల్లాలో ఇదే పేరుతో మరొక ప్రత్తిపాడు కలదు.) ఊరి పేరులోనే ప్రత్తి ఉన్న ఈ ప్రాంతంలో ప్రత్తి, మిరప ముఖ్యమైన వాణిజ్య పంటలు. మిరపకు పెద్ద విపణి గుంటూరు మిర్చి యార్డు. వీడియో తీయడానికి ఈ రెండు సరుకులూ కష్టమైనవి.

సంఖ్యల అర్థం

భారతదేశంలో దూరదర్శన్ 625 గీతల పద్ధతిని అనుసరించింది. 1982లో ఢిల్లీ ఆసియా క్రీడల సమయంలో రంగుల ప్రసారాలు మొదలైనప్పుడు కూడ ఇదే పద్ధతి కొనసాగింది. ఆ గీతలలో చిత్రం కనిపించేవి 576. ఈ ప్రమాణం డిజిటల్ రూపంలో 720×576 పిక్సెళ్ళు అయినది. సాధారణ స్థాయి కేబుల్ ఛానళ్ళ ప్రమాణం ఇదే. 2005లో యూట్యూబ్ ప్రారంభమైనప్పుడు అందులోని వీడియోలు 320×240 పరిమాణంలో ఉండేవి. 2008లో 720, 2009లో 1080, 2010లో 4కె వచ్చినవి.

720 అనగా 1280×720, అంటే సుమారు 9 లక్షల 22 వేల పిక్సెళ్ళు. 1080 అనగా 1920×1080, సుమారు 20 లక్షల 74 వేలు. 4కె అనగా 3840×2160, సుమారు 83 లక్షలు. 720 నుండి 1080కి పెరిగితే చుక్కలు రెండింతలకు పైగా, అక్కడి నుండి 4కెకు సరిగా నాలుగింతలు అవుతాయి. ఫైలు కూడ అదే దారిలో బరువెక్కుతుంది. యూట్యూబ్ సూచించే కొలతల ప్రకారం ఒక నిమిషం వీడియో 360 స్థాయిలో 7.5 ఎంబీ, 720లో 37.5 ఎంబీ, 1080లో 60 ఎంబీ, 4కెలో 260 ఎంబీ దాటుతుంది. ఇవి అప్‌లోడ్ చేయవలసిన ఫైలుకు చెప్పిన కొలతలు. చూసేవారికి చేరే ఫైలు సాధారణంగా ఇంతకన్న చిన్నది.

చూసే తెర

ఫోనును నిలువుగా పట్టుకొన్నప్పుడు అడ్డంగా తీసిన వీడియో వెడల్పు సుమారు 7 సెంటీమీటర్లు మాత్రమే. ఒక అడుగు దూరం నుండి చూసే కంటికి అంత చిన్న చిత్రంలో 720కి, 1080కి తేడా తెలియదు. 1080×1920 కొలతతో నిలువుగా తీసిన వీడియో అదే ఫోనులో అడ్డం వీడియోకు మూడింతల చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల ఫోనులో మాత్రమే చూడబోయే ప్రకటన విషయంలో 4కె గురించి ఆలోచించడంకన్న నిలువా అడ్డమా అన్నది ముందు తేల్చుకోవడం మేలు.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన వీడియో దాదాపు 480 స్థాయికి కుదించబడుతుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపికను వాడితే 720 వరకు నిలుస్తుంది. డాక్యుమెంటుగా పంపితే మాత్రమే ఫైలు మార్పు లేకుండా చేరుతుంది. 4కెలో తీయించి, డబ్బు చెల్లించి, ఆ వీడియోను కొనుగోలుదారులకు మామూలుగా వాట్సాప్‌లో పంపే వ్యాపారి నిజానికి పంపుతున్నది 480 వీడియోనే.

కూడళ్ళలోని ఎల్ఈడీ బోర్డుల సంగతి మరీ విచిత్రం. పి10 రకం బోర్డులో చుక్కకు చుక్కకు మధ్య దూరం 10 మిల్లీమీటర్లు. 3.2 మీటర్ల వెడల్పు గల బోర్డులో ఉండేవి 320 చుక్కలే. అంత పెద్ద బోర్డు చేతిలోని ఫోనుకన్న తక్కువ స్పష్టత కలది. దానికి పెద్ద అక్షరాలు, ఒకే వస్తువు, సాదా నేపథ్యం ఉన్న వీడియో కావలెను.

మిరప, ప్రత్తి

మిరప కొనేవారు రంగు చూస్తారు, తొడిమ చూస్తారు, తాలు కాయలు ఎన్ని కలిసినవో చూస్తారు. ఎర్రని రాశిలో ఇవి వీడియోలో తెలియకపోవడానికి కారణం రంగును నమోదు చేసే పద్ధతిలోనే ఉన్నది. సాధారణ కెమేరాలు, ఫోన్లు 4:2:0 అనే పద్ధతిలో వెలుగును పూర్తి రిజల్యూషన్‌లో, రంగును మాత్రం నిలువులోను అడ్డములోను సగానికి తగ్గించి దాచుతాయి. 1920×1080 వీడియోలో రంగు సమాచారం 960×540 మాత్రమే. పైగా హెచ్‌డీ ప్రమాణంలో వెలుగును లెక్కించేటప్పుడు ఆకుపచ్చ వాటా సుమారు 72 శాతం కాగా ఎరుపు వాటా 21 శాతమే. కాబట్టి ఆకుల మధ్య దృశ్యం తేటగా వచ్చిన కెమేరాలోనే కళ్ళంలో ఎండబోసిన మిరప ఒక ఎర్రని ముద్దగా కనిపించవచ్చు.

4కెకు నిజమైన ప్రయోజనం ఇక్కడ కలదు. 4కెలో తీసి 1080కి తగ్గించినట్లయితే రంగు సమాచారం కూడ పూర్తి 1920×1080 లభిస్తుంది. పంపేది 1080 అయినా తీసేది 4కె కావడం మిరప వంటి సరుకుకు వృథా ఖర్చు కాదు. అయితే తగ్గించిన వీడియోను తిరిగి 4:2:0 లోనే భద్రపరిస్తే ఈ లాభంలో కొంత పోతుంది.

ప్రత్తి విషయంలో చిక్కు వేరు. తెల్లని దూదిమీద ఎండ పడినప్పుడు కెమేరా దానిని వట్టి తెలుపుగా నమోదు చేస్తే పోగుల జాడ పోతుంది. ఒకసారి పోయినదానిని ఏ రిజల్యూషనూ తిరిగి తేలేదు. వెలుగు కొద్దిగా తగ్గించి తీయవలెను. ఇక దూదిలో చిక్కిన ఆకుముక్కల సంగతి. 2 మిల్లీమీటర్ల ఆకుముక్కను 1 మీటరు వెడల్పు దృశ్యంలో 1080తో తీస్తే దానికి దక్కేవి దాదాపు 4 పిక్సెళ్ళు. 640×360 వీడియోలో ఒకటి పైచిలుకు మాత్రమే, అనగా అది మాయమైనట్లే. కెమేరాను దగ్గరకు తెచ్చి దృశ్యం వెడల్పు 30 సెంటీమీటర్లకు తగ్గిస్తే 360 లోనే అదే ముక్కకు 4 పిక్సెళ్ళు దాటి దక్కుతాయి. కెమేరాతో రెండడుగులు ముందుకు నడవడానికి ఖర్చు లేదు.

దూదిలో తేమ, పింజ పొడవు, మిరపలో ఘాటు ఎంత రిజల్యూషన్ పెట్టినా కనిపించవు. జిన్నింగ్ మిల్లు గాని, మిరప వ్యాపారి గాని వీటిని కొలత పత్రం ద్వారా చూపవలసినదే.

తెరమీది అక్షరాలు

విత్తనాలు, పురుగుమందుల ప్రచార వీడియోలలో రిజల్యూషన్ లోపం ప్రమాదానికి దారితీయగలదు. తెరమీద లీటరు నీటికి 1.5 మి.లీ. అని వేసినప్పుడు సంకేతం బలహీనంగా ఉన్న చోట వీడియో తనంతట తాను 360 కి గాని, ఇంకా దిగువకు గాని పడిపోతుంది. అప్పుడు దశాంశ చుక్క చెరిగిపోతే అది 15 గా చదవబడుతుంది. మోతాదు పదింతలు! 1080 తెరమీద వీడియోను సరిచూసి ఆమోదించిన వ్యాపారికి ఈ సంగతి తెలిసే అవకాశం లేదు.

తెలుగు లిపికి ఇంగ్లీషు లిపికన్న ఎక్కువ ఎత్తు అవసరం. అక్షరానికి పైన గుడి, కింద వత్తు చేరినప్పుడు మూడు అంతస్తులు ఏర్పడతాయి. చిత్రం ఎత్తులో 30వ వంతు ఉన్న అక్షరానికి 1080లో 36 పిక్సెళ్ళు లభిస్తాయి, 360లో 12 మాత్రమే. పన్నెండింటిలో వత్తు, గుడి రెండూ తేటగా ఇమడవు. చిత్రం ఎత్తులో 12వ వంతు ఇచ్చినచో 360లో కూడ 30 పిక్సెళ్ళు దక్కుతాయి. మోతాదును "ఒకటిన్నర మిల్లీలీటర్లు" అని అక్షరాలలో వ్రాసి, మాటలో కూడ పలికించడం క్షేమకరం. పురుగుమందు డబ్బామీద విష తీవ్రతను తెలిపే ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల గుర్తును డబ్బాను దూరంగా పట్టుకొని కాక తెర నిండుగా కొన్ని సెకన్లపాటు చూపవలెను.

ఎంపిక

ఫోనులో చూడబోయే సామాన్య ప్రచార వీడియోను 1080లో తీసి 1080లోనే ఉంచవచ్చు. వాట్సాప్ ద్వారా పంపవలసినదానికి 720 ప్రతి వేరుగా చేయించుకోవడం మంచిది. కుదింపులో కొంత భాగమైనా తయారుచేసినవారి చేతిలో జరుగుతుంది. సరుకు దగ్గరి దృశ్యాలు, ముఖ్యంగా మిరప, 4కెలో తీయవలెను. మిల్లులో ట్యూబులైట్ల కింద తీసేటప్పుడు సెకనుకు 25 చిత్రాల వేగం ఎంచుకొంటే 50 హెర్ట్‌జ్ విద్యుత్తు వలన కలిగే మినుకులు రావు.

పూర్తయిన వీడియోను విడుదలకు ముందు 360 స్థాయికి తగ్గించి, ఒక మామూలు ఫోనులో, ఎండలో నిలబడి, ఆ వీడియోను ఇంతకుముందు చూడని వ్యక్తి చేత చదివించవలెను. అతడు మోతాదును గాని, ధరను గాని, ఫోన్ నంబరును గాని తప్పుగా చదివితే రిజల్యూషన్ పెంచడం కాక అక్షరాలను మార్చడం అవసరం.