మీకు తెలుసా? ప్రభ మీద పరుగెత్తే వెలుగు మీ తలలోనే ఉంది!

శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు వెళ్తారు కదా? ఈసారి బల్బులతో అలంకరించిన ఓ ఎత్తైన ప్రభ ముందు కాసేపు నిలబడండి. బల్బుల వెలుగు కిందినుంచి పైకి సర్రున పరుగెడుతుంది. నిజానికి అక్కడ ఏదీ కదలడం లేదు! ఒక బల్బు ఆరుతుంది, దాని పైది వెలుగుతుంది. అంతే! మధ్యలో ఆ పరుగును పుట్టించేది మీ మెదడు! జర్మనీలో ప్రయోగాలు చేసి మాక్స్ వెర్తైమర్ ఈ గుట్టు విప్పింది 1912లో!

మెట్ల దారిలో బొటనవేలికి రాయి తగిలిందా? ఈసారి గమనించండి. 'తగిలింది' అన్న సంగతి ముందు తెలుస్తుంది. సుర్రుమనే మంట ఆ తర్వాతే వస్తుంది! స్పర్శను మోసే నరాలది మెరుపు వేగం. మంటను మోసే సన్న నరాలది నత్తనడక. సెకనుకు మీటరు దూరం పోతే గొప్ప! అందుకే ఆ చిన్న ఆలస్యం!

కొండ దిగుతుంటే కాలు జారింది. పడబోయి నిలదొక్కుకున్నారు. ఆలోచించి చేశారా? లేదే! మీరు ఆలోచించేలోపే పని అయిపోయింది! కండరాలకు, వెన్నుపాముకు మధ్య కబుర్లు మోసే నరాల్లో అన్నిటికన్నా చురుకైన వాటి వేగం ఎంతో తెలుసా? గంటకు 400 కిలోమీటర్ల పైమాటే!

కోటప్పకొండకు శిఖరాలు మూడు. మీ ఒక్కో చెవి లోపల అర్ధచంద్రాకారపు గొట్టాలూ సరిగ్గా 3! వాటిలో ద్రవం ఉంటుంది. తల తిరిగితే అది కదులుతుంది. ఘాట్ రోడ్డు మలుపుల్లో ఫోన్ చూస్తుంటే కన్ను 'కదలడం లేదు' అంటుంది. చెవి 'తిరుగుతున్నాం' అంటుంది. మెదడు తికమకపడుతుంది. కడుపులో తిప్పుతుంది! ఫోన్ జేబులో పెట్టి, దూరంగా కొండ వైపు చూడండి. కాస్త తెరిపిగా ఉంటుంది!

దర్శనం క్యూలో ఓ సరదా పరీక్ష! ముందున్న మీవాళ్ల వీపు మీద రెండు వేళ్లు దగ్గరదగ్గరగా ఒకేసారి ఆనించండి. ఎన్ని వేళ్లో చెప్పమనండి. 'ఒకటే' అంటారు! రెండని తెలియాలంటే వాటి మధ్య దాదాపు 4 సెంటీమీటర్ల ఎడం ఉండాలి! అదే వేలి కొసనైతే ఆవగింజంత ఎడం చాలు!

గుడిలో అడుగు పెట్టగానే కర్పూరం, విభూతి, పూలు! ఏ వాసన ఏదో ఇట్టే పట్టేస్తారు. మీ ముక్కులో వాసనను పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు! ఇంకో వింత వినండి. ముక్కులోని ఆ నాడీకణాలు పాతబడి పోతుంటాయి. వాటి చోట కొత్తవి పుడుతూనే ఉంటాయి! మెదడులోని నాడీకణాలకు చాలావరకు ఆ భాగ్యం లేదు!

బజ్జీల బండి దగ్గర మిరపకాయ బజ్జీ కొరికారు. నోరు భగ్గుమంది! కారం రుచి అనుకుంటున్నారా? కాదండీ, అది వేడి కబురు! నాలుక మీద 43 డిగ్రీల వేడికి మోగాల్సిన గంటను మిరప ఘాటు మోగించేస్తుంది! రెంటచింతల ఎండ నోట్లో దిగినట్టే! ఆ గంటను కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు నోబెల్ వచ్చింది. చిలకలకు మాత్రం ఆ ఘాటే తెలియదు! పండు మిరపకాయల్ని హాయిగా తినేస్తాయి!

'చేదుకో కోటయ్యా!' జనంలో ఎవరో కేక వేశారు. మీ తల టక్కున అటే తిరిగింది! ఎటువైపో ఎలా తెలిసింది? ఎడమవైపు కేకైతే ఎడమ చెవికి ముందు చేరుతుంది. ఆ తేడా సెకనులో 1,000వ వంతు కూడా ఉండదు! మెదడు దాన్నీ పట్టేస్తుంది!

ఇప్పుడే ఇది చేసి చూడండి! రెండు చేతులూ ముందుకు చాచి బొటనవేళ్లు పక్కపక్కన నిలబెట్టండి. ఎడమ కన్ను మూయండి. కుడి కంటితో ఎడమ బొటనవేలినే చూస్తూ, కుడి చేతిని మెల్లగా కుడివైపుకు జరపండి. ఓ చోట ఆ వేలి కొస మాయం! సుమారు 10 లక్షల నరాల పోగులు కట్టగా కంటి నుంచి బయటికి వెళ్లే చోటది. అక్కడ చూపే లేదు!

నరాల గురించి చెప్పుకుంటూ మన భీమవరం బిడ్డను మరిస్తే ఎలా? కడుపులో బిడ్డకు మెదడు, వెన్నుపాము అయ్యే నాళం దాదాపు 28 రోజులకే మూసుకుంటుంది! తల్లికి ఇంకా కడుపు సంగతే తెలిసి ఉండదు! అది సరిగ్గా మూసుకోవడానికి తోడ్పడేది ఫోలిక్ ఆమ్లం. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు ఎవరో తెలుసా? మన యల్లాప్రగడ సుబ్బారావు!

ఆఖరిది అన్నిటికన్నా ముఖ్యం! లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే రోమకణాలు ఒక్కో వైపు సుమారు 15,000. పుట్టుకతో వచ్చినవే! చచ్చిపోతే మళ్లీ మొలవవు! పిల్లల్ని భుజాలకెత్తుకుని ప్రభలు తనివితీరా చూపించండి. డీజే బాక్సుల దగ్గర మాత్రం ఆగకండి! పక్కవాళ్లతో మాట్లాడాలంటే అరవాల్సి వస్తోందా? వెంటనే దూరం జరగండి!