తరంగం పంపకుండా దూరం కొలవడం ఎలా?

రాడార్ ఒక తరంగాన్ని పంపి, అది తగిలి వెనక్కి రావడానికి పట్టిన సమయాన్నిబట్టి దూరం చెబుతుంది. మరి ఏమీ పంపకుండా దూరం కనుక్కోవచ్చా? కనుక్కోవచ్చు!

మీరు, చెట్టు, గోడ, ఆఖరికి మంచుగడ్డ కూడా ఎప్పుడూ బలహీనమైన రేడియో తరంగాలను వెదజల్లుతూనే ఉంటాయి. వాటిలో 1 నుంచి 10 మిల్లీమీటర్ల పొడవున్నవే మిల్లీమీటరు తరంగాలు. పొగమంచు, బట్టలు వీటిని పెద్దగా ఆపలేవు. లోహం మాత్రం తనంతట తాను వెదజల్లేది చాలా తక్కువ. చల్లని ఆకాశాన్నే ప్రతిఫలిస్తుంది. అందుకే ఎండకు కాలిపోతున్న కారు పైకప్పు కూడా ఈ తరంగాలను పట్టే పరికరానికి చల్లగా కనిపిస్తుంది. భలే తమాషా కదూ!

ఇక దూరం సంగతి. వేలిని ముక్కు ముందు పెట్టి, ఒక్కో కన్నూ మార్చి మార్చి మూసి చూడండి. వేలు పక్కకు జరిగినట్టుంటుంది. చేయి చాపేకొద్దీ ఆ జరుగుడు తగ్గుతుంది. రెండు యాంటెన్నాలను ఎడంగా పెట్టి ఈ జరుగుడును కొలిస్తే, త్రిభుజం లెక్కతో దూరం వచ్చేస్తుంది.

రెండో పద్ధతి నాకు మరీ ఇష్టం. గాలిలోని ఆక్సిజన్ 60 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యం దగ్గరి మిల్లీమీటరు తరంగాలను మింగేస్తుంది. నేలమట్టాన 1 కిలోమీటరు దాటేసరికి నూటికి సుమారు 3 వంతులే మిగులుతాయి. 94 గిగాహెర్ట్జ్ వద్ద ఈ నష్టం చాలా తక్కువ. ఒకే వస్తువును రెండింటిలోనూ చూసి, మొదటిదాంట్లో ఎంత ఎక్కువ మసకబారిందో లెక్కిస్తే, మధ్యలో ఎంత గాలి ఉందో, అంటే ఎంత దూరమో తేలుతుంది.

వస్తువు మరీ దూరమైతే మాత్రం రెండు పద్ధతుల్లోనూ లెక్క తప్పే అవకాశం పెరుగుతుంది.