తాతగారి ఇనుప పెట్టెలో ఏముంది?

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఇల్లు ఖాళీ చేసే రోజున అందరి కన్నూ ముందుగా పడేది ఇనుప పెట్టె మీదే. వర్క్‌షాపులో ఫిట్టరుగానో మెషినిస్టుగానో పనిచేసి రిటైరైన తాతగారిదో పెదనాన్నగారిదో ఆ పెట్టె. లోపల ఏముందో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. లారీలో చోటు చాలదు. పాత ఇనుము కొనేవాడు గుమ్మంలో నిలబడి ఉంటాడు. కిలోల లెక్కన వెళ్లిపోతుంది. బదిలీల మీద బతికే మనకు ఇది కొత్త కాదు. అమ్మేలోపు ఒక్క మధ్యాహ్నం దాని ముందు కూర్చుందాం.

ముందుగా, గరుకు కాగితంతో రుద్దకండి. తుప్పుతోపాటు కొలత గీతలు, పేర్లు కూడా అరిగిపోతాయి. కాస్త కిరసనాయిలు, పాత గుడ్డ చాలు. పెద్దవాళ్లను పక్కన పెట్టుకొని, పొయ్యికి దూరంగా తుడవండి.

రెండు వంకర కాళ్లతో ఎండ్రకాయలా కనిపించేది క్యాలిపర్. కాళ్లు లోపలికి వంగితే కడ్డీ మందాన్ని, మొనలు బయటికి తిరిగితే రంధ్రం లోపలి వెడల్పును కొలుస్తుంది. రెండు కాళ్లూ సూటిగా, మొనదేలి ఉంటే డివైడర్. మన జామెట్రీ బాక్సులోని దానికి అన్నగారు. ఒక కాలు మొనదేలి, ఇంకో కాలు వంగి ఉంటే అది జెన్నీ. వంగిన కాలిని లోహపు అంచుకు ఆనించి లాగితే అంచుకు సమాంతరంగా గీత పడుతుంది.

గుర్రపు నాడాలా వంగి, పక్కన తిరిగే పిడి ఉన్నది మైక్రోమీటర్. తిరిగే భాగం చుట్టూ ఉన్న గీతలు లెక్కపెట్టండి. 50 ఉంటే సాధారణంగా అది మిల్లీమీటర్లది: ఒక్క చుట్టుకు అర మిల్లీమీటరు కదులుతుంది కనుక ఒక్కో గీత 0.01 మిల్లీమీటరు. 25 ఉంటే అంగుళాలది: ఒక్క చుట్టుకు అంగుళంలో 40వ వంతు, ఒక్కో గీత అంగుళంలో వెయ్యో వంతు. మన దేశంలో మెట్రిక్ కొలతలు 1958 నుంచి దశలవారీగా వచ్చాయి. అయినా అంగుళాల పనిముట్లు ఆ తరువాత కూడా చాలాకాలం చేతుల్లో తిరిగాయి. కాబట్టి అంగుళం కనిపించగానే వందేళ్లనాటిదని అనుకోకూడదు.

తికమక పెట్టేది స్పానరే. దాని మీద 1/2 డబ్ల్యూ అని ఉంటే నోరు అర అంగుళం ఉండాలి కదా? కొలిస్తే 0.92 అంగుళం వస్తుంది! డబ్ల్యూ అంటే విట్‌వర్త్. 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ప్రతిపాదించిన మరల పద్ధతి అది. ఆ అర అంగుళం బోల్టు మందం, స్పానరు నోటిది కాదు.

ఇక గుర్తులు. మూర్ అండ్ రైట్ అని ఉంటే ఇంగ్లండులోని షెఫీల్డ్ కంపెనీ, 1906లో మొదలైంది. స్టారెట్ అయితే అమెరికాది. బి.ఎన్.ఆర్. అని ఉంటే బెంగాల్ నాగపూర్ రైల్వే. 1952లో అది తూర్పు రైల్వేలో కలిసింది, 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. అంటే ఆ అక్షరాలు ఉన్న పనిముట్టు దాదాపుగా 1952కు ముందుదే. రైల్వే గుర్తు ఉన్నది ఇంటికెలా వచ్చిందని పెద్దలను అడగండి. జవాబు రాకపోయినా ఆశ్చర్యపోకండి!

ఏ కంపెనీ పేరూ లేనివాటిని పక్కన పడేయకండి. పని నేర్చుకునే రోజుల్లో అప్రెంటిసులు ఇనుప ముక్కను ఆకురాయితో రోజుల తరబడి రాచి తమ క్యాలిపర్, మూలమట్టం తామే చేసుకునేవారు. దగ్గరగా చూస్తే ఆకురాయి గీతలు కనిపిస్తాయి, పంచ్‌తో కొట్టిన పొడి అక్షరాలూ ఉండవచ్చు. రెండు రకాల పొడి అక్షరాలు ఉంటే, ఒకరు రిటైరవుతూ ఇంకొకరికి ఇచ్చి ఉండవచ్చు. మా దృష్టిలో పెట్టెలో అన్నిటికంటే విలువైనవి ఇవే. పాత ఇనుము కొట్టులో మాత్రం వీటికి అందరికంటే తక్కువ ధర.

ప్రతి పనిముట్టుకూ ఒక అట్టముక్క కట్టి పేరు, కొలత, గుర్తు రాయండి. తాతగారు ఉంటే ముందు ఆయన పిలిచే పేరే రాయండి. ఫైలును ఆయన ఆకురాయి అంటారా, పక్క బెంచీ హిందీవాళ్లతో కలిసి రేతీ అంటారా? అర అంగుళాన్ని నాలుగు సూత్‌లు అంటారా? ఆ మాటలు పనిముట్ల మీద చెక్కి ఉండవు.