ఇన్సులిన్‌ను బస్తాలకెత్తే చోటు

"షుగర్ ఉన్న పిల్లవాడికి ఒకసారి మందు ఇప్పిస్తే సరిపోదా? ప్రతినెలా ఎందుకు?" సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దాతలు జకాత్ లెక్కలు చూసుకునేటప్పుడు మమ్మల్ని అడిగే ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. దీనికి జవాబు చెప్పాలంటే ఒక చిన్న మిల్లులోకి వెళ్లాలి.

మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఒకవైపు ధాన్యం దిగుతుంది, మరోవైపు బియ్యం బస్తాలు లారీ ఎక్కుతాయి. క్లోమంలోని బీటా కణాల్లో జరిగేదీ ఇలాంటిదే. అక్కడ దిగే ధాన్యం పేరు ప్రోఇన్సులిన్. 86 అమైనో ఆమ్లాల దండ అది. చికాగోలో డొనాల్డ్ స్టైనర్ దాని సంగతి 1967లో బయటపెట్టారు. ఈ దండ గాల్జీ సంక్లిష్టం అనే భాగం గుండా నడుస్తుంది. ఇటలీకి చెందిన కామిల్లో గాల్జీ 1898లో వర్ణించిన ఈ భాగం పల్చటి పళ్లేలను దొంతరగా పేర్చినట్టు ఉంటుంది. దొంతర చివర సంచులు కట్టుకుంటాయి. ఆ సంచుల్లోనే దండ తెగి, 51 అమైనో ఆమ్లాల ఇన్సులిన్, సి-పెప్టైడ్ అనే మరో ముక్క విడిపోతాయి. మిల్లులో ఊక వేరే పోతుంది. ఇక్కడ ఊక కూడా బియ్యంతో పాటు అదే సంచిలో బయటికి వస్తుంది. అందుకే డాక్టర్లు రక్తంలో సి-పెప్టైడ్ కొలిచి, రోగి శరీరం సొంతంగా ఇన్సులిన్ చేస్తోందో లేదో చెప్పగలుగుతారు.

ఇదంతా కంటితో చూడటం తేలిక కాదు. మామూలు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చూపేది ఒక పల్చటి కోతను మాత్రమే. కిటికీలోంచి మిల్లును చూసినట్టు, ఏ గొట్టం ఎక్కడ కలిసిందో తెలియదు. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన బ్రాడ్ మార్ష్ బృందం హామ్‌స్టర్ నుంచి వచ్చిన ఇన్సులిన్ కణాలను క్షణంలో గడ్డకట్టించి, కోతలను రకరకాల కోణాల్లో వంచి ఫోటోలు తీసి, కంప్యూటరులో కలిపింది. 2001లో ప్రచురించిన ఆ బొమ్మలో దాదాపు మూడు మైక్రాన్ల వెడల్పు ముక్కలో ఏడు పళ్లేలు విడివిడిగా కనిపించాయి. ప్రోటీన్లు పుట్టే పొర కూడా ఆ పళ్లేల మధ్యకు చొచ్చుకొచ్చి ఉంది.

ఒక్కో బీటా కణంలో సుమారు 10,000 సంచులు సిద్ధంగా ఉంటాయి. భోజనం తర్వాత కణంలోకి గ్లూకోజ్ వస్తే ఏటీపీ పెరుగుతుంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, ఫిస్కేతో కలిసి హార్వర్డ్‌లో 1929లో కనుగొన్న పదార్థమే ఇది. దాని సైగతో కొన్ని సంచులు తెరుచుకుంటాయి. చక్కెర తగ్గితే గేటు మూతపడుతుంది.

టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల్లో రోగనిరోధక శక్తే ఈ కణాలను నాశనం చేస్తుంది. మిల్లు పోతుంది, గోదాము పోతుంది, గేటు దగ్గర తూకం వేసే మనిషీ ఉండడు. ఇంజెక్షన్ తెచ్చేది బియ్యం మాత్రమే. ఎంత, ఎప్పుడు అన్న తూకం తల్లిదండ్రులే వేయాలి. రక్తం చూసే స్ట్రిప్పు లేకుండా అది గుడ్డి తూకమే. నాలుగు రోజులు ఇన్సులిన్ ఆపితే ప్రాణానికే ముప్పు. రంజాన్‌లో సెహరీ, ఇఫ్తార్ వేళలకు మోతాదు మారుతుంది కాబట్టి నెల మొదలవకముందే డాక్టరును కలవమని కుటుంబాలకు చెబుతున్నాం. ఉపవాసం పేరుతో ఇన్సులిన్ మాత్రం మానకూడదు.

అందుకే మేమిచ్చే నెల సంచిలో సీసాలతో పాటు సిరంజీలు, స్ట్రిప్పులు కూడా ఉంటాయి. ఫ్రిజ్ లేని ఇంటికి ఎండాకాలంలో సీసా పెట్టుకోవడానికి ఒక మట్టికుండ ఇస్తాం.