కొత్త కారు.. పాత చెయ్యి!

ఏడుసార్లు ప్రపంచ చాంపియన్. వందకు పైగా రేసులు గెలిచిన డ్రైవర్. అలాంటి లూయిస్ హామిల్టన్ 2025లో ఫెరారీకి మారాక, సీజన్ మొత్తం 24 గ్రాండ్ ప్రిక్స్‌లలో ఒక్కసారి కూడా పోడియం ఎక్కలేదు. 'వయసైపోయింది', 'పనైపోయింది' అంటూ వాట్సాప్ గ్రూపుల్లో మీమ్స్ తిరిగాయి. నేనూ రెండు ఫార్వర్డ్ చేశా. అవి చూసి మా ఇంట్లో నవ్వనిది ఒక్క బాపే.

"ఆయనకు బండి నడుపరాదని నవ్వుతున్నవా? బండి మారితే ఎట్లుంటదో నన్నడుగు" అన్నాడు.

డోర్‌కు తాకిన చెయ్యి

మాది కోరుట్ల. బాపు డీసీఎం డ్రైవర్. పసుపు బస్తాల లోడుతో నిజామాబాద్ మార్కెట్‌కు ఎన్నిసార్లు పోయాడో లెక్కలేదు. 2005లో అప్పు చేసి దుబాయ్ పోయాడు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు ఏ వాడకు పోయినా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది.

మన దగ్గర స్టీరింగ్ కుడివైపు, గేర్ ఎడమ చేత్తో. అక్కడ అంతా ఉల్టా. "గేర్ మారుద్దామంటే ఎడమ చెయ్యి పొయ్యి డోర్‌కు తాకేది" అంటాడు బాపు. రౌండబౌట్ వస్తే ఎడమకు చూడాల్సిన తల కుడికి తిరిగేది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి లైసెన్స్ టెస్టులో రెండుసార్లు ఫెయిల్. మళ్లీ టెస్ట్ అంటే మళ్లీ ఫీజు. ఇక్కడేమో మిత్తి పెరుగుతోంది.

"నాకు డ్రైవింగ్ రాక కాదు బిడ్డా. వచ్చిన డ్రైవింగే అడ్డం పడ్డది."

ఈ ఒక్క మాటతో నాకు హామిల్టన్ సీజన్ అర్థమైంది.

కాలు ఆలోచించదు

హామిల్టన్ 2007లో ఎఫ్1కి వచ్చాడు. మెక్‌లారెన్‌లో 6 సీజన్లు, మెర్సిడెస్‌లో 12. ఈ 18 సీజన్లూ వెనకాల ఉన్నది మెర్సిడెస్ ఇంజినే. 300 కిలోమీటర్ల వేగంలో బ్రేక్ ఎక్కడ నొక్కాలో ఆలోచించే టైమ్ ఉండదు. కాలే డిసైడ్ చేస్తుంది. ఆ కాలు నేర్చుకున్నదంతా పాత కారు మీద.

ఫెరారీలో బ్రేకుల ఫీల్ వేరు. మలుపుల్లో ఇంజిన్ బ్రేకింగ్ వాడే పద్ధతి వేరు. స్టీరింగ్ మీద బటన్లు వేరు. చివరికి చెవిలో గొంతు కూడా వేరే. 2013 నుంచి విన్నది ఇంజినీర్ పీటర్ బోనింగ్టన్ మాట. 2025లో రికార్డో అదామి. అట్లని టాలెంట్ పోయిందా అంటే.. సీజన్ రెండో వారాంతంలోనే షాంఘై స్ప్రింట్ గెలిచాడు. పాత అలవాటు అడ్డురాని రోజు పాత హామిల్టనే కనిపించాడు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున

ఇలాంటిది మన హైదరాబాద్‌లోనూ జరిగింది. 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేస్. ఆ సీజన్‌లో అందరికీ కొత్త జెన్3 కారే. దాని వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేవు. మోటారే వేగం తగ్గిస్తూ బ్యాటరీని చార్జ్ చేస్తుంది. టైర్లూ మిషెలిన్ నుంచి హాంకూక్‌కు మారాయి.

జాన్ ఎరిక్ వెర్న్, ఆంటోనియో ఫెలిక్స్ డా కోస్టాలకైతే కారుతో పాటు టీమ్ కూడా కొత్తదే. వెర్న్ డీఎస్ పెన్స్కేకి, డా కోస్టా పోర్షాకి వచ్చారు. మొదటి మూడు రేసుల్లో ఇద్దరికీ పోడియం లేదు. నాలుగోది మన దగ్గర. వెర్న్ గెలిచాడు. మూడో స్థానంలో గీత దాటిన సెబాస్టియన్ బ్యూమీ పవర్ లిమిట్ దాటాడని పెనాల్టీ పడటంతో ఆ ప్లేస్ డా కోస్టాకి దక్కింది.

మూడు రేసులకే వాళ్లను పక్కన పెట్టి ఉంటే? ఇది ఊహ కాదు. 2025లో లియామ్ లాసన్‌ను రెడ్‌బుల్ రెండంటే రెండు రేసులకే మార్చేసి, రేసింగ్ బుల్స్‌కి వెనక్కి పంపింది. అదే లాసన్ సెప్టెంబరులో బాకులో ఐదో స్థానంలో వచ్చాడు. హామిల్టన్ కోసం ఫెరారీ సీటు వదిలి విలియమ్స్‌కి పోయిన కార్లోస్ సైన్జ్ అదే రేసులో మూడో స్థానం. కొత్త టీమ్‌తో అతని మొదటి పోడియం అది. అప్పటికి సీజన్‌లో 16 రేసులు అయిపోయాయి.

నా డ్రాఫ్ట్‌లో ఓ మెయిల్

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. పాత కంపెనీలో ఐదేళ్లు ఒకటే కోడ్. బగ్ ఎక్కడుందో స్క్రీన్ చూడకుండా చెప్పేవాణ్ని. పోయినేడు కంపెనీ మారా. మూడు నెలలు నరకం. గంటలో అయ్యే పనికి రెండు రోజులు. పాత షార్ట్‌కట్లే నొక్కుతున్నా, పాత ఫోల్డర్లే వెతుకుతున్నా. రిజైన్ మెయిల్ రాసి డ్రాఫ్ట్‌లో పెట్టుకున్నా.

సిరిసిల్లలో మా మామకు చెప్పా. ఆయన సాంచాల మీద పని చేసినోడు. చప్పుడు విని పోగు ఎక్కడ తెగిందో చెప్పేటోడు. "కొత్త మిషిన్ల కాడికి పోతే కొన్నాళ్లు నా చెవులు పని చెయ్యలే అల్లుడూ" అని నవ్వాడు.

ఆ రాత్రే బాపుని అడిగా, మూడోసారి ఎట్లా పాసైనవని.

"క్యాంపుల ఆగి ఉన్న లారీ ఎక్కేటోణ్ని. ఇంజిన్ బంద్. చీకట్ల కూసొని కుడిచేత్తోటి గేర్లు మార్సుడు. రోజూ అంతే. చెయ్యికి చెప్పాలె గదా, ఇల్లు మారిందని."

ఎఫ్1 డ్రైవర్లు గంటలకు గంటలు సిమ్యులేటర్‌లో చేసేది కూడా ఇదే. బాపు సిమ్యులేటర్‌కు కరెంటు బిల్లు రాలేదంతే.

నేను కూడా ఆఫీస్ అయ్యాక రోజూ ఓ గంట కొత్త కోడ్ చదవడం మొదలుపెట్టా. ఒక్క లైన్ కూడా మార్చకుండా, ఊరికే చదవడం. నాలుగో నెలలో పని కాస్త తేలికైంది. డ్రాఫ్ట్ డిలీట్ చేశా.

ఎఫ్1లో 2026 నుంచి రూల్సే మారాయి. ఇంజిన్లు కొత్తవి, డీఆర్‌ఎస్ లేదు, కార్లు చిన్నవయ్యాయి. అంటే ఇప్పుడు అందరి చేతులూ డోర్‌కు తాకాల్సిందే. ఈసారి మీమ్ వస్తే ఫార్వర్డ్ చేసే ముందు ఒక్క నిమిషం ఆగుతా.

అన్నట్టు, తొమ్మిదేళ్లకు బాపు కోరుట్ల వచ్చి మళ్లీ డీసీఎం ఎక్కిన రోజు ఏమైందో తెలుసా? గేర్ కోసం కుడిచెయ్యి పొయ్యి డోర్‌కు తాకింది.